వెనుక టైరుకు చోటెక్కడ? పాత మజిల్ కార్లలో వీల్ స్పేసర్ల లెక్క

ఏటా ఆగస్టులో డెట్రాయిట్ పొలిమేరల్లోని వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల జాతర జరుగుతుంది. అక్కడ 1960ల నాటి కారును ఫ్యాక్టరీ నుంచి వచ్చినది వచ్చినట్లే ఉంచినవారి బండిని వెనుక నుంచి చూస్తే ఒక విషయం తట్టక మానదు. ఒళ్లు భారీగా ఉంటుంది, చక్రాలు మాత్రం మడ్‌గార్డుల లోపలికి ముడుచుకుపోయి, పహిల్వానుకు చిన్నపిల్లవాడి చెప్పులు తొడిగినట్లు కనిపిస్తాయి. ఆ వెలితిని పూడ్చడానికి యజమానులు వెనుక వెడల్పాటి టైర్లు వేస్తారు. కొత్త చక్రం కొలత పాత కారుకు సరిగ్గా కుదరనప్పుడు, బ్రేక్ డ్రమ్ముకూ చక్రానికీ మధ్య ఒక లోహపు బిళ్ల పెడతారు. దాని పేరే వీల్ స్పేసర్.

ఈ బిళ్ల మీద ఉన్నన్ని వాదాలు కారులోని మరే చిన్న భాగం మీదా లేవేమో. చక్రం ఊడి ప్రాణం మీదికి వస్తుందని ఒకరంటే, ఏళ్ల తరబడి వాడుతున్నా ఏమీ కాలేదని మరొకరంటారు. ఇద్దరూ తమకు తెలిసినదే చెబుతున్నారు, కానీ చాలాసార్లు వేర్వేరు వస్తువుల గురించి చెబుతున్నారు. టైరు ఎక్కడ కూర్చుంటుందనేది కొలతల ప్రశ్న, చక్రం గట్టిగా నిలుస్తుందా అనేది బిగింపు ప్రశ్న, ఇరుసు మీద భారం పెరుగుతుందా అనేది మరో ప్రశ్న. ఈ మూడింటినీ కలిపేయడం వల్లే గందరగోళమంతా.

పెద్ద ఇంజిన్లు, ఇరుకు టైర్లు

మధ్యస్థ పరిమాణంలోని అమెరికన్ కారులో పెద్ద వీ8 ఇంజిన్ అమర్చి, సామాన్యుడికి అందే ధరలో అమ్మిన బండ్లను మజిల్ కార్లు అంటారు. 1964 నాటి పాంటియాక్ జీటీఓతో ఈ ఒరవడి స్థిరపడిందని సాధారణంగా చెబుతారు. ఇంజిన్లు ఎంత వేగంగా పెరిగాయో టైర్లు అంత వేగంగా పెరగలేదు. 1970 షెవ్రొలే షెవెల్ ఎస్ఎస్‌లో 454 ఘనపుటంగుళాల ఎల్ఎస్6 ఇంజిన్‌కు, ఆనాటి కొలమానంలో, 450 హార్స్‌పవర్ అని ప్రకటించారు. ఆ శక్తినంతా నేలకు అందించవలసిన టైరు ఎఫ్70-14. ఇందులో ‘ఎఫ్’ మోయగల బరువును బట్టి ఇచ్చిన తరగతి, 70 అంటే వెడల్పులో ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె, 14 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. నేటి కొలతల్లో అది దాదాపు 215/70ఆర్14 టైరుకు సమానం, అంటే వెడల్పు ఎనిమిదిన్నర అంగుళాల లోపే.

వెనుక చక్రాల గూళ్లను ఆనాటి ఇంజినీర్లు ఆ టైరుకు తగినట్లే గీశారు. ముస్టాంగ్, కమారో, డాడ్జ్ ఛార్జర్ వంటి వాటిలో టైరుకు లోపలి వైపు కమాన్ పట్టీలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు స్ప్రింగు పట్టీలు) ఉంటాయి. షెవెల్‌లో వెనుక కాయిల్ స్ప్రింగులు కాబట్టి అక్కడ అడ్డువచ్చేది ఛాసిస్ దూలమూ, లోపలి రేకు గూడూ. బయటి వైపు మడ్‌గార్డు అంచును లోపలికి మడిచి ఉంచిన రేకు ఉంటుంది, పదును మాత్రం కత్తికి తీసిపోదు. వెడల్పాటి టైరు ఈ రెండు హద్దుల మధ్యే ఒదగాలి.

దీనికి తోడు మరో చిక్కు వచ్చింది. 17, 18 అంగుళాల కొత్త చక్రాలు ఎక్కువగా ఆధునిక కార్ల కోసం తయారైనవి. వాటిలో హబ్బుకు (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగానికి) ఆనుకునే ముఖం చక్రం మధ్యగీతకు బాగా బయటి వైపున ఉంటుంది. అలాంటి చక్రాన్ని పాత కారుకు బిగిస్తే అది లోపలికి చొచ్చుకుపోయి కమాన్ పట్టీకి తగులుతుంది, బయట మాత్రం రెండు వేళ్లు దూరేంత ఖాళీ మిగులుతుంది.

ఆఫ్‌సెట్, బ్యాక్‌స్పేసింగ్, సెక్షన్ వెడల్పు

చక్రాన్ని నిలువుగా రెండు సమభాగాలుగా కోసినట్లు ఊహిస్తే ఆ కోత పడే చోటే మధ్యగీత. హబ్బుకు ఆనే ముఖం సరిగ్గా ఆ గీత మీదే ఉంటే ఆఫ్‌సెట్ సున్నా, గీతకు బయటి వైపు ఉంటే ధనాత్మకం, లోపలి వైపు ఉంటే రుణాత్మకం. ఇది మిల్లీమీటర్లలో చెప్పే మాట. అమెరికన్ పాత కార్ల లోకంలో ఎక్కువగా వినబడేది బ్యాక్‌స్పేసింగ్. హబ్బుకు ఆనే ముఖం నుంచి రిమ్ లోపలి అంచు వరకు ఉన్న దూరమే అది, దాన్ని అంగుళాల్లో చెబుతారు.

ఒకదాని నుంచి మరొకటి లెక్కగట్టవచ్చు గాని, చాలామంది తడబడే చోటు ఒకటుంది. తొమ్మిది అంగుళాల రిమ్ అన్నప్పుడు ఆ తొమ్మిది టైరు అంచు కూర్చునే చోట కొలిచినది, రిమ్ పెదవులు కలుపుకుంటే మొత్తం వెడల్పు సుమారు పది అంగుళాలు. కాబట్టి సున్నా ఆఫ్‌సెట్ ఉన్న తొమ్మిది అంగుళాల రిమ్‌కు బ్యాక్‌స్పేసింగ్ నాలుగున్నర కాదు, ఐదు. ఈ అరంగుళం మరచిపోయి చక్రాలు తెప్పించుకుని తిప్పి పంపినవారు తక్కువేమీ కాదు.

టైరు సెక్షన్ వెడల్పు మూడో కొలత. 275/40ఆర్17లో 275 అనేది టైరు పక్కగోడల మధ్య గరిష్ఠ వెడల్పు మిల్లీమీటర్లలో, అదీ నిర్ణీత వెడల్పు గల రిమ్ మీద ఎక్కించి కొలిచినప్పుడు. రిమ్ అరంగుళం మారితే ఈ వెడల్పు సుమారు ఐదు మిల్లీమీటర్లు మారుతుంది. స్పేసర్ ఈ మూడు కొలతల్లో మొదటి రెండింటినే మారుస్తుంది, టైరు వెడల్పును కాదు. పది మిల్లీమీటర్ల స్పేసర్ పెడితే చక్రం ఆఫ్‌సెట్ పది మిల్లీమీటర్లు తగ్గినట్లు లెక్క, అంతకుమించి ఏమీ లేదు.

1965 ముస్టాంగ్‌కు కొత్త తరం చక్రం: ఒక లెక్క

1994 నుంచి 2004 వరకు వచ్చిన ముస్టాంగ్‌ల కోసం చేసిన 17×9 అంగుళాల చక్రాలు, వాటి నకళ్లు పాత ముస్టాంగ్ యజమానులకు బాగా ఇష్టం. ఐదు బోల్టుల వృత్తం వ్యాసం రెండింటికీ 114.3 మి.మీ.యే కాబట్టి చక్రం ఎక్కుతుంది. కానీ దాని ఆఫ్‌సెట్ +24 మి.మీ. దాని మీద 255 మి.మీ. టైరు వేస్తే, హబ్ ముఖం నుంచి లోపలికి 127.5 + 24, అంటే 151.5 మి.మీ. దూరం వరకు టైరు పోతుంది. బయటికి 127.5 – 24, అంటే 103.5 మి.మీ. మాత్రమే వస్తుంది. అసలే ఇరుకైన లోపలి వైపు అంత చొచ్చుకురావడం కుదరని పని. 25 మి.మీ. స్పేసర్ పెడితే లోపలికి 126.5, బయటికి 128.5 అవుతుంది, టైరు దాదాపు నడిమధ్యకు వస్తుంది.

1965–66 ముస్టాంగ్ వెనుక ఇరుసు ఒక హబ్ ముఖం నుంచి రెండో దాని వరకు 57.25 అంగుళాలు. 1967–70 కార్లలో అది 59.25. అంటే పక్కకు ఒక్కో అంగుళం, 25.4 మి.మీ. 1965 కారుకు 25 మి.మీ. స్పేసర్ పెట్టినవారు హబ్ ముఖాన్ని 1967 ఇరుసు ఉండే చోటికి తెచ్చినట్లే. అయితే 1967లో ఫోర్డ్ ఇరుసుతో పాటు కారు ఒంటిని కూడా వెడల్పు చేసింది. మడ్‌గార్డు పాతదే ఉండగా ఇరుసును మాత్రమే పెంచితే బయటి అంచు దగ్గర ఇబ్బంది ఎదురవుతుంది. అందుకే ఫలానా కారుకు ఇంత స్పేసర్ సరిపోయిందని విని, ఆ అంకెను మరో సంవత్సరపు కారుకు వాడటం దెబ్బతీస్తుంది.

స్పేసర్ చోటును పెంచదు

మరో ఉదాహరణ చూద్దాం. అంకెలు ఊహించినవే, లెక్క మాత్రం ఏ కారుకైనా ఒకటే. హబ్ ముఖం నుంచి లోపలి కమాన్ పట్టీ 140 మి.మీ., బయటి మడ్‌గార్డు అంచు 165 మి.మీ. దూరంలో ఉన్నాయనుకుందాం. మొత్తం చోటు 305 మి.మీ. సున్నా ఆఫ్‌సెట్ చక్రం మీద 275 టైరు వేస్తే లోపల మిగిలేది 2.5 మి.మీ., బయట మిగిలేది 27.5 మి.మీ. పది మిల్లీమీటర్ల స్పేసర్‌తో ఇవి 12.5, 17.5 అవుతాయి. రెండు పక్కలా గాలి ఆడుతుంది.

అదే గూటిలో 295 టైరు పెట్టాలనుకుంటే మొత్తం మిగిలే ఖాళీ పది మిల్లీమీటర్లు. స్పేసర్‌ను ఎంత మార్చినా ఆ పదినే అటూ ఇటూ పంచాలి, మహా అయితే పక్కకు ఐదు. నిలబెట్టిన కారుకు అది చాలవచ్చు, నడిచే కారుకు చాలదు. ఈ కార్లలో వెనుక రెండు చక్రాలూ ఒకే గట్టి ఇరుసుకు ఉంటాయి. మలుపులో గానీ గతుకులో గానీ ఒక చక్రం పైకి లేస్తే ఇరుసంతా వాలుతుంది. లేచిన టైరు పైభాగం లోపలికి, రెండో పక్క టైరు పైభాగం బయటికి ఒరుగుతాయి. పైగా కమాన్ పట్టీల రబ్బరు బుష్‌లు నలగడం వల్ల ఇరుసు కొద్దిగా పక్కకు కూడా కదులుతుంది. కాబట్టి మొత్తం చోటు లేనప్పుడు స్పేసర్ గురించి వాదించుకోవడం వృథా. అలాంటి కార్లకు మడ్‌గార్డు అంచును పైకి మడవడం, కమాన్ పట్టీలను కొద్దిగా లోపలికి జరపడం, లోపలి గూటి రేకును కోసి వెడల్పు చేయడం, ఇరుసును పొట్టి చేయించడం వంటి పెద్ద పనులే మార్గం.

రెండు రకాలు, రెండు వేర్వేరు ప్రమాదాలు

కారు స్టడ్‌ల మీదికి (నట్లు ఎక్కేందుకు హబ్బు నుంచి పొడుచుకు వచ్చిన మర కడ్డీల మీదికి) వాషర్‌లా దూర్చేసేది ఒక రకం. దాని పైన చక్రం పెట్టి, పాత స్టడ్‌లకే నట్లు బిగిస్తారు. రెండో రకాన్ని అడాప్టర్ అని కూడా అంటారు. దాన్ని ముందు హబ్బుకు నట్లతో బిగిస్తారు, చక్రం మాత్రం దానికే ఉన్న వేరే స్టడ్‌లకు ఎక్కుతుంది.

దూర్చే రకంతో వచ్చే ప్రమాదం మరచుట్లు తగ్గిపోవడం. నట్టులోకి స్టడ్ కనీసం తన వ్యాసమంత పొడవునా ఎక్కాలన్నది యంత్రశాలల్లో పాతకాలపు సూత్రం, అమెరికన్ డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ కూడా దీన్నే పాటిస్తుంది. ఫోర్డ్, క్రైస్లర్ కార్లలో ఎక్కువగా కనబడే స్టడ్ అరంగుళం మందం, అంగుళానికి 20 చుట్లు. కాబట్టి నట్టు కనీసం పది చుట్లు తిరగాలి. జనరల్ మోటార్స్ కార్లలోని 7/16 అంగుళాల స్టడ్‌కు దాదాపు తొమ్మిది. ఇప్పుడు అరంగుళం స్టడ్ హబ్ ముఖం నుంచి 32 మి.మీ. బయటికి ఉందనీ, అల్యూమినియం చక్రం రంధ్రం దగ్గర 14 మి.మీ. మందమనీ అనుకుంటే నట్టుకు మిగిలేది 18 మి.మీ. మధ్యలో ఆరు మిల్లీమీటర్ల స్పేసర్ పెడితే 12 మిగులుతుంది, కావలసింది 12.7. అంటే పలుచని స్పేసర్ కూడా పాత స్టడ్‌ల మీద హద్దు దాటించగలదు. పొడవైన స్టడ్‌లు కొట్టిస్తే ఈ సమస్య పోతుంది గాని, అప్పుడు టోపీలా మూసి ఉన్న నట్లు వాడితే స్టడ్ చివర నట్టు లోపలి అడుగుకు తగిలి, బిగిసినట్లే అనిపించి చక్రం వదులుగానే ఉండిపోవచ్చు.

అడాప్టర్ సంగతి వేరు. అది కనీసం పాత స్టడ్‌లను తనలో దాచుకునేంత మందంగా ఉండాలి, అందుకే ఇవి సుమారు 20–25 మి.మీ. నుంచి మొదలవుతాయి. అంతకంటే పలుచగా ఉంటే పాత స్టడ్ చివర చక్రం వెనుక ముఖానికి తగిలి, చక్రాన్ని సమంగా ఆననివ్వదు. అడాప్టర్‌తో మరో తలనొప్పి, చక్రం ఎక్కించాక లోపలి నట్లు కంటికి కనిపించవు. ఇక డాడ్జ్, ప్లిమత్ యజమానులకు అదనంగా ఒక ముచ్చట ఉంది. 1970 వరకు ఆ కార్లకు ఎడమ పక్క స్టడ్‌లకు ఎడమచేతి మర ఉండేది. అడాప్టర్ పెడితే లోపలి నట్లు ఎడమ మరకు, బయటివి కుడి మరకు తిరుగుతాయి. ఈ సంగతి తెలియని మెకానిక్ విప్పుతున్నాననుకుని బలమంతా ఉపయోగించి స్టడ్ తెంపిన సందర్భాలు ఆ కార్ల చరిత్రలో భాగమే.

చక్రాన్ని పట్టి ఉంచేది రాపిడి

చాలామంది మనసులో ఉన్న చిత్రం ప్రకారం కారు బరువు స్టడ్‌ల మీద వేలాడుతుంది. స్పేసర్ పెడితే స్టడ్ పొడుగై విరుగుతుందన్న భయం అక్కడి నుంచే పుట్టింది. సరిగ్గా బిగిసిన చక్రంలో జరిగేది వేరు. నట్టు బిగించినప్పుడు స్టడ్ సాగుతుంది, ఆ సాగుదల చక్రాన్ని హబ్బుకు అదుముతుంది, ఆ అదుముడు వల్ల ముఖాల మధ్య పుట్టే రాపిడే బరువునూ, బ్రేకు బలాన్నీ మోస్తుంది.

అరంగుళం స్టడ్‌ను సుమారు 108 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగిస్తే, పొడి మరల మీద దాదాపు 42,000 న్యూటన్ల అదుముడు వస్తుంది. అంటే ఒక్కో స్టడ్ నాలుగు టన్నుల బరువు పెట్టినట్లు నొక్కుతుంది, ఐదూ కలిస్తే ఇరవై టన్నుల పైమాటే. రాపిడి గుణకం 0.15 అనుకున్నా మూడు టన్నుల జారుడును ఆపగలదు. 1,600 కిలోల కారులో ఒక వెనుక చక్రం మీద పడే బరువు 350 కిలోల చుట్టుపక్కల ఉంటుంది కనుక ధీమాగా ఉండవచ్చు. అదుముడు ఉన్నంతకాలం స్పేసర్ ఉన్నా లేకున్నా స్టడ్‌లు వంగవలసిన పని లేదు.

అసలు బలహీనత ఇక్కడే దాగి ఉంది. 42,000 న్యూటన్లకు అరంగుళం స్టడ్, 30 మి.మీ. పొడవు మీద, సాగేది సుమారు 0.06 మి.మీ. మాత్రమే. దట్టంగా వేసిన రంగుపూత మందం ఇంచుమించు అంతే. డ్రమ్ము ముఖం మీద పూత గానీ తుప్పు గానీ నలిగి ఆ మేరకు పలుచబడితే నాలుగు టన్నుల అదుముడు చాలావరకు మాయమవుతుంది, ఆ తరువాత స్టడ్‌లు నిజంగానే అటూ ఇటూ వంగుతూ అలసి విరుగుతాయి. స్పేసర్ లేనప్పుడు చక్రం వెనుక ఇలా నలగగల ముఖాలు రెండు, అడాప్టర్ పెడితే నాలుగు. కొత్తగా బిగించాక 50–100 మైళ్లు నడిపి మళ్లీ టార్క్ చూడమని తయారీదారులు చెప్పేది ఇందుకే. ఫ్యాక్టరీలో డ్రమ్ము జారిపోకుండా స్టడ్‌లకు పెట్టిన పలుచని రేకు క్లిప్పులు తీయకుండా స్పేసర్ ఎక్కించినా జరిగేది ఇదే, ముఖాలు ఆనవు, రేకు మాత్రమే ఆనుతుంది.

స్పేసర్ చేసిన లోహం ముఖ్యమయ్యేదీ ఇక్కడే. 6061-టీ6 వంటి గట్టి అల్యూమినియం దిమ్మె నుంచి ఒకే బోల్టు వృత్తానికి కోసిన బిళ్లకూ, ఏ కారుకైనా పట్టేలా పొడుగాటి సందులతో పోత పోసిన చవక బిళ్లకూ పేరు ఒకటే. రెండో దానిలో ఆనుకునే ముఖం సగానికి సగం ఖాళీ, పోత లోహం పెళుసు. స్పేసర్లు విరిగాయన్న కథలు విన్నప్పుడు నేను ముందుగా అడిగే ప్రశ్న, అది ఏ రకం అని.

బేరింగ్ మీద భారం: ఇరుపక్షాల మాట

స్పేసర్ టైరును బయటికి జరుపుతుంది కాబట్టి బేరింగ్ మీద తెడ్డులా పనిచేసే బలం పెరుగుతుందన్నది వ్యతిరేకుల బలమైన వాదన, సూత్రం ప్రకారం అది నిజమే. అయితే తక్కువ ఆఫ్‌సెట్ ఉన్న చక్రాన్ని నేరుగా కొన్నా అదే జరుగుతుంది. బేరింగ్‌కు తెలిసేది టైరు మధ్యగీత ఎక్కడుందన్న ఒక్కటే. దాన్ని అక్కడికి తెచ్చింది స్పేసరా, చక్రం ఆకారమా అన్నది దానికి పట్టదు. ముస్టాంగ్ ఉదాహరణలో +24 చక్రానికి 25 మి.మీ. స్పేసర్ పెడితే మధ్యగీత సున్నాకు ఒక మిల్లీమీటరు అవతల నిలిచింది, కాబట్టి సున్నా ఆఫ్‌సెట్ చక్రంతో పోలిస్తే భారం పెరిగిందనడానికి ఏమీ లేదు. చూపు కోసం చక్రాన్ని మడ్‌గార్డు దాటేలా నెట్టినవారి కార్లలో ఈ వాదన నిలుస్తుంది. ఇంకో మాట, ముందు చక్రాల విషయంలో స్పేసర్ స్టీరింగ్ తీరును కూడా మారుస్తుంది. వెనుక చక్రాలు స్టీరింగ్‌తో పక్కలకు తిరగవు కాబట్టి ఆ చర్చను ఇక్కడికి లాగనక్కర లేదు.

మధ్య రంధ్రం విషయంలోనూ ఇలాంటి వాదమే ఉంది. హబ్ మధ్యలో పొడుచుకు వచ్చిన గుండ్రని భాగం మీద చక్రం సరిగ్గా కూర్చుంటే కేంద్రం తప్పదు. మందమైన స్పేసర్ ఆ భాగాన్ని కప్పేస్తుంది. స్పేసర్‌కే అలాంటి పెదవి ఉండాలని ఒక వర్గం అంటుంది. ఆనాటి అమెరికన్ కార్లకు అమ్మిన విడి చక్రాలు చాలావరకు శంఖాకారపు నట్ల వల్లే కేంద్రానికి వచ్చేవని మరో వర్గం అంటుంది. రెండో మాట చారిత్రకంగా సరైనదే. అయినా పెదవి ఉంటే బిగించేటప్పుడు చక్రం పక్కకు ఒరగదు, అధిక వేగంలో అదురు వచ్చే అవకాశం తగ్గుతుంది. ధర తేడా కొద్దిగానే ఉన్నప్పుడు పెదవి ఉన్నదాన్ని కాదనడానికి కారణం నాకు కనిపించదు.

కంపెనీలు వాడినప్పుడు, చట్టాలు అడ్డుకున్నప్పుడు

స్పేసర్ అంటేనే నాటు పని అన్న మాటకు పోర్షే చరిత్ర అడ్డువస్తుంది. 1970ల నాటి 911 టర్బోకు వెనుక చక్రాల దగ్గర స్పేసర్లు ఫ్యాక్టరీలోనే పెట్టారు. ఆ కారుకు వాటిని పొడవైన స్టడ్‌లతో సహా పూర్తిగా లెక్కగట్టి అమర్చారన్నది మరువరాదు. జర్మనీలో స్పేసర్ వాడాలంటే ఇప్పటికీ ఆ భాగానికి అనుమతి పత్రం కావాలి, చాలా సందర్భాల్లో టీయూవీ వంటి సంస్థ తనిఖీ చేయాలి. అమెరికాలో నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, మడ్‌గార్డు దాటి టైరు బయటికి వస్తే అభ్యంతరపెట్టే రాష్ట్రాలు ఉన్నాయి.

మన దగ్గర మజిల్ కార్లు వేళ్ల మీద లెక్కపెట్టవలసినవే గాని, జీపులకూ థార్‌లకూ వెడల్పాటి టైర్లు, స్పేసర్లు వేయించుకునేవారు హైదరాబాద్, విజయవాడ వీధుల్లో కనిపిస్తూనే ఉంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగానే సమర్థించింది. లెక్క ఎంత సరిగ్గా కుదిరినా, ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ మొదట చూసేది ఆ పత్రాన్నే.

స్పేసర్ వద్దనుకుంటే, కావలసిన బ్యాక్‌స్పేసింగ్‌తో చక్రాన్ని చేయించుకోవడం ఎప్పుడూ ఉన్న దారే, అందులో నలగగల అదనపు ముఖాలు ఉండవు. కానీ దానికి ముందు కొలత పక్కాగా తెలియాలి. వెనుక డ్రమ్ములు తీసి డిస్క్ బ్రేకులు వేయించుకుంటే రోటర్ మందం వల్ల హబ్ ముఖం మళ్లీ కొన్ని మిల్లీమీటర్లు బయటికి జరగవచ్చు. అందుకే అనుభవజ్ఞులు కొందరు ముందు పలుచని స్పేసర్లు పేర్చి, కారును నేల మీద దించి, టైరు ఎక్కడ కూర్చుంటే రెండు పక్కలా సరిపోతుందో నిలకడ మీద చూసుకుని, ఆ అంకెతోనే చక్రాలకు ఆర్డరు ఇస్తారు. ఆ తరువాత స్పేసర్లు షెడ్డులో గూటికి చేరతాయి.